చప్పట్లు కొట్టని మనిషి

2017 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు ఒక చిన్న సందేహం తీర్చింది. సినిమా మొదలయ్యే ముందు జాతీయగీతం వెయ్యాలి, హాల్లో ఉన్నవాళ్లంతా లేచి నిలబడాలి అని అంతకు రెండున్నర నెలల ముందే ఆదేశించి ఉంది. మరి సినిమా కథలోనే జాతీయగీతం వస్తే? ‘దంగల్’ ఆడుతున్న రోజుల్లో హాళ్లలో తలెత్తిన పేచీ అది. అప్పుడు లేవనక్కర్లేదని కోర్టు చెప్పింది. సరిగ్గా మూడో రోజున ‘ఘాజీ’ సినిమా విడుదలైంది. అందులో సముద్రం అడుగున చిక్కుకుపోయిన మన సబ్‌మెరైన్ సిబ్బంది గొంతెత్తి జనగణమన అందుకుంటారు. భక్తి కొద్దీ పాడిన పాట మాత్రమే కాదది, అవతలి సబ్‌మెరైన్ కెప్టెన్‌ను రెచ్చగొట్టే ఎత్తు కూడా.

ఆ సినిమా నేను నోయిడాలో ఒక మాల్‌లో చూశాను. తెలుగు షో. ఢిల్లీ చుట్టుపక్కల తెలుగు సినిమాకు వెళ్లడమంటే సగం సినిమా, సగం పెళ్లి. ఇందిరాపురం నుంచి, వైశాలి నుంచి పిల్లాపాపలతో వచ్చే సంసారాలు, గుర్‌గ్రామ్ నుంచి రెండు మెట్రోలు మారి వచ్చే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు, ఇంటర్వెల్లో పాప్‌కార్న్ క్యూలో ‘మీదే ఊరండీ’ అన్న పలకరింపులు. తెర మీద జనగణమన వచ్చింది. హాల్లో కొందరు లేచారు, కొందరు లేవలేదు. కోర్టు మాట తెలియక లేచినవాళ్లున్నారు, తెలిసీ లేచినవాళ్లున్నారు. లేచినవాళ్లు లేవనివాళ్ల వంక చూశారు. లేవనివాళ్లు తెర వంక చూశారు.

మా వరుసలో మా అక్క కొడుకు లేచాడు. మా మావయ్య లేవలేదు. ఆయన డెబ్బై ఒకటి యుద్ధం ముగిసిన మరుసటి ఏడు నేవీలో చేరి, విశాఖలోనూ కొచ్చిలోనూ పనిచేసి రిటైరైన మనిషి. ‘లే తాతయ్యా, అందరూ చూస్తున్నారు’ అని మావాడు గుసగుసలాడితే, ‘కథలో వస్తే అక్కర్లేదురా, పేపర్లో వేశారుగా’ అన్నారు, తెర మీంచి కళ్లు తిప్పకుండా. ఆయనకు ఆర్డరంటే ఆర్డరే.

చివర్లో టార్పెడో తగిలి పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ పేలిపోయినప్పుడు హాలు హాలంతా చప్పట్లు, ఈలలు. మావయ్య కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ కూర్చున్నారు.

కార్ పార్కింగ్‌లో తీర్పులు మొదలయ్యాయి. పాటలు లేవు, ఆడదిక్కు లేదు, ఆ తాప్సీ ఎందుకుందో తెలీదు అని మా అక్క. ఒళ్లు గగుర్పొడిచింది, తెలుగువాళ్లు కూడా ఇలా తీయగలరని చూపించారు అని మావాడు. మావయ్య ముందు వృత్తి మాటలు మాట్లాడారు. సబ్‌మెరైన్‌లో అలా అరుచుకోరు, అరిస్తే అవతలి సోనార్‌కు మన చిరునామా మనమే చెప్పినట్టు అన్నారు. కాసేపాగి, ‘వాళ్లూ వాచ్‌లో ఉన్నవాళ్లే కదరా’ అన్నారు.

‘వాళ్లు మన విక్రాంత్ ఓడను ముంచడానికి వచ్చారు తాతయ్యా!’

‘వచ్చారు. మనవాళ్లు ముంచేశారు. ముంచాల్సిందే, అందులో రెండో మాట లేదు. చప్పట్లెందుకు అంటున్నానంతే.’

మావాడు జవాబు చెప్పలేదు. నాకూ తోచలేదు. ఆ ప్రశ్న మాత్రం అప్పట్నుంచీ నన్ను వదల్లేదు. ఎందుకంటే అది శాంతివాది అడిగిన ప్రశ్న కాదు. యుద్ధం వద్దన్న మనిషి అడిగితే, సరేలే, ఆయన ధోరణి అది అని పక్కన పెట్టేయవచ్చు. ఇది జీవితమంతా యుద్ధానికి సిద్ధంగా ఉండడమే ఉద్యోగంగా బతికిన మనిషి అడిగినది. చంపడం తప్పని ఆయన అనలేదు. చంపాల్సి రావడం వేరు, అది చూసి సంబరపడడం వేరు అంటున్నారు. ఈ రెంటికీ మధ్య గీత ఎక్కడుందో సైనికుడికి తెలిసినంతగా ప్రేక్షకుడికి తెలియదేమో. యుద్ధానికి దూరం పెరిగేకొద్దీ చప్పుడు ఎందుకు పెరుగుతుంది? అసలు ఆ చప్పట్లు ఎవరు వినాలని?

తెర మీది నటుడికి అవి వినపడవు. డెబ్బై ఒకటిలో పోరాడినవాళ్లకూ వినపడవు. ఇంక మిగిలింది పక్క సీటు. నేను ఎవరి వైపో పక్కవాడికి తెలియాలి, వాడు ఎవరి వైపో నాకు తెలియాలి. యుద్ధ సినిమాకు పడే చప్పట్లలో సినిమాను మెచ్చుకోవడం కొంతే ఉంటుందని నా అనుమానం. తక్కినదంతా హాజరు పలకడం. అందుకే కొట్టనివాడు కళ్లలో పడతాడు.

అసలు జరిగిందేమిటో ఒకసారి చూద్దాం. పీఎన్ఎస్ ఘాజీ పుట్టుకతో అమెరికా సబ్‌మెరైన్, పాత పేరు యూఎస్ఎస్ డయాబ్లో. 1963లో పాకిస్తాన్ దాన్ని లీజుకు తీసుకుంది. 1971 నవంబర్ మధ్యలో కరాచీ నుంచి బయల్దేరి, సిలోన్ చుట్టూ తిరిగి బంగాళాఖాతంలోకి వచ్చింది. దాని వేట విమానవాహక నౌక విక్రాంత్ కోసం. విక్రాంత్ అప్పటికే అండమాన్‌లో భద్రంగా ఉంది. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ మాత్రం అది విశాఖ దగ్గరే ఉందన్న భ్రమ కల్పించారు. పెద్ద ఓడకు సరిపడా సరుకులకు విశాఖలో ఆర్డర్లు పెట్టించారు, ‘రాజ్‌పుత్’ అనే పాత డిస్ట్రాయర్ చేత విక్రాంత్ పేరుమీద సంకేతాలు పంపించారు. డిసెంబర్ 3 అర్ధరాత్రి రాజ్‌పుత్ రేవు దాటుతూ నీటిలో అలజడి కనిపించిన చోట డెప్త్‌చార్జీలు వేసింది. కాసేపటికి పెద్ద పేలుడు. ఒడ్డున ఉన్న ఇళ్లలో కిటికీ అద్దాలు అదిరాయి. ఘాజీలో తొంభైమందికి పైగా ఉన్నారు. ఒక్కరూ బతకలేదు.

ముంచింది రాజ్‌పుత్ అని మన నౌకాదళం చెబుతుంది. లోపలే పేలుడు జరిగిందనో, తాను పరిచిన మందుపాతరకు తానే బలైందనో పాకిస్తాన్ చెబుతూ వచ్చింది. ఏది నిజమన్న తగువు యాభై ఏళ్లు దాటినా తేలలేదు. సంకల్ప్ రెడ్డి మాత్రం తాను రాసిన ‘బ్లూ ఫిష్’ అనే పుస్తకం ఆధారంగా మూడో కథ చెప్పారు. మన సబ్‌మెరైన్ ఒకటి రహస్యంగా వెళ్లి ఘాజీని ఎదుర్కొందన్నది ఆ కథ. తెలుగులో, హిందీలో ఒకేసారి తీశారు. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం వచ్చింది, దానికి తగిన సినిమానే.

ఆయన చరిత్రను మార్చారన్నది నా ఫిర్యాదు కాదు. ఎందుకు మార్చవలసి వచ్చిందన్నది నా కుతూహలం. చీకట్లో, అంచనా మీద, ఏదో కదిలినట్టుంటే వేసిన రెండు డెప్త్‌చార్జీలు థ్రిల్లర్‌కు చాలవు. ఎవరు చంపారో స్పష్టంగా తెలియని చావు అసలే పనికిరాదు. థ్రిల్లర్‌కు ఎదురెదురుగా ఇద్దరు కావాలి, ఒకడి ఎత్తుకు మరొకడి పైఎత్తు కావాలి, చివర్లో ఒక మీట మీద ఒక చెయ్యి కావాలి. నిజం యుద్ధంలో ఎక్కువ చావులకు అలాంటి చెయ్యి ఉండదు. పొరపాటు ఉంటుంది, తుప్పు ఉంటుంది, దురదృష్టం ఉంటుంది. అవన్నీ తీసేసి, మన చేతే మన ఇష్టం మీదే జరిగినట్టు చూపిస్తేనే మనం చప్పట్లు కొట్టగలం. అంటే మనం మెచ్చుకుంటున్నది యుద్ధాన్నా, యుద్ధంలో లేని ఆ స్పష్టతనా? రోజూ ఆఫీసులో, ఇంట్లో, రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో ఎవరి తప్పు వల్ల ఏది జరుగుతోందో తెలియకుండా బతికే మనిషికి రెండు గంటలపాటు ఎవరు చెడ్డవాళ్లో ఖాయంగా తెలియడం కూడా ఒక విశ్రాంతేమో.

ఇదే ఘాజీ మీద పాకిస్తాన్‌లో 1998లోనే ‘గాజీ షహీద్’ అని ఒక టెలిఫిల్మ్ వచ్చింది. అదే సబ్‌మెరైన్, అదే సముద్రం, అదే రాత్రి. మనం ఈల వేసిన చోట అక్కడ ఎవరో కంటనీరు పెట్టుకుని ఉంటారు. ఇందులో వింతేమీ లేదు. కరాచీ మారిటైమ్ మ్యూజియంలో ‘హంగోర్’ అనే సబ్‌మెరైన్‌ను జనం చూడడానికి నిలిపారు. అది అదే యుద్ధంలో, డిసెంబర్ 9న, డయ్యూ దగ్గర మన యుద్ధనౌక ‘ఖుక్రీ’ని ముంచినది. రెండు వందల మందికి దగ్గరగా మనవాళ్లు పోయారు, కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడతోపాటే మునిగిపోయారు. విశాఖ బీచ్‌లో మనకు ‘కుర్సుర’ సబ్‌మెరైన్ ఉంది. రెండు ఊళ్లలోనూ సెలవు రోజున పిల్లలు తల వంచుకుని ఆ ఇరుకు గుమ్మాల్లో దూరుతారు, గోడలకున్న చక్రాలు తిప్పబోతారు, వద్దని తండ్రులు కసురుతారు. ఆ పిల్లలకు ఏ కథ చెప్పాలన్నది ఆ ఊరు నిర్ణయిస్తుంది.

ఢిల్లీలో ఉన్న విశేషం ఏమిటంటే ఇక్కడ ఆ కథలన్నీ ఒకే హాల్లో కూర్చుంటాయి. హిందీ ‘ఘాజీ అటాక్’ చూసివచ్చిన మా ఆఫీసు వాళ్ల మాటలు విన్నాక నాకది తెలిసింది. ఒకాయన చిత్తరంజన్ పార్క్ బెంగాలీ. ఆ కాలనీ పాత పేరే తూర్పు పాకిస్తాన్ నిర్వాసితుల కాలనీ. ఆయనకు డెబ్బై ఒకటి భారత్, పాకిస్తాన్‌ల మధ్య యుద్ధం కాదు, తమ వాళ్లను ఊచకోత కోసిన ఏడాది. సినిమాలో తాప్సీ మోసిన శరణార్థి పాత్ర మా అక్కకు అడ్డు తగిలింది కదా, ఆయనకు సినిమా మొత్తానికి అదొక్కటే నిజంగా అనిపించిందట. ఇంకొకాయన రాజిందర్ నగర్ పంజాబీ. తాతగారు ముల్తాన్ నుంచి కట్టుబట్టలతో వచ్చారు. ఆయనకు పాకిస్తాన్ అంటే శత్రుదేశం, ఇంట్లో రోజూ తలచుకునే సొంత ఊరు కూడా. పాక్ కెప్టెన్‌ను అంత దుర్మార్గుడిగా చూపించనక్కర్లేదని ముందన్నదీ ఆయనే, వాళ్లకు అలాగే కావాలని తర్వాత అన్నదీ ఆయనే. రెండూ ఒకే టీ కప్పు పూర్తయ్యేలోగా. ఎవరి మాట తప్పు? సినిమా ఒకటే, చూసినవాళ్లు వెంట తెచ్చుకున్న సంవత్సరాలు వేరు.

మనం అభిరుచి అనుకునేదాంట్లో ఎంత భాగం ఇంటి జ్ఞాపకమో ఎవరైనా లెక్క తీస్తే బాగుండును. స్క్రీన్‌ప్లే బిగువుగా ఉంది, సెకండాఫ్ సాగింది, గ్రాఫిక్స్ తేలిపోయాయి. ఇవన్నీ పైకి చెప్పే కారణాలు. లోపల మాత్రం మనం ఎవరి చావును లెక్కలో వేసుకున్నాం, ఎవరిని వదిలేశాం అన్నదే తీర్పు ఇస్తుంది. మా మావయ్య లెక్కలో అటువైపు తొంభైమంది కూడా పడ్డారు. సినిమా నచ్చలేదని ఆయన అనలేదు. పైగా పైఏడు టీవీలో వస్తే మళ్లీ చూశారు.

నా సంగతి చెప్పాలంటే, టార్పెడో తగిలిన క్షణంలో నా చేతులూ లేచాయి. బుద్ధి కన్నా ముందు ఒళ్లు స్పందించింది. దానికి సిగ్గుపడాలా? సిగ్గుపడాలని గట్టిగా చెప్పేవాళ్లతో నాకు పేచీ ఉంది. వీరగాథ వింటే ఒళ్లు పులకరించడం నిన్న మొన్న మల్టీప్లెక్సులు నేర్పిన జబ్బు కాదు. బొబ్బిలి కథ బుర్రకథగా చెబుతుంటే మన తాతలు రాత్రంతా మేలుకుని విన్నారు. 1757 జనవరిలో బుస్సీ ఫిరంగులు, విజయనగరం సేనలు కలిసి బొబ్బిలి కోటను చుట్టుముట్టాయి. కోట పడింది. ఆ తర్వాత బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు విజయనగరం రాజు విజయరామరాజు గుడారంలో దూరి ఆయన్ని పొడిచాడు. ఆ ఘట్టం వచ్చేసరికి శ్రోతల్లో ఉప్పొంగని వాళ్లుండరు. అదే కథను విజయనగరంలో కూర్చుని విన్నవాడి సంగతేమిటి? వాడి రాజు కదా చచ్చిపోయింది! అయినా వాడూ విన్నాడు, వాడూ పాపారాయుణ్ణి మెచ్చుకున్నాడు. శత్రువు కూడా తెలుగువాడే, పక్క ఊరివాడే కావడం వల్ల మనకది సాధ్యపడిందా? లేక కథ బాగా చెబితే వినేవాడు తన పక్షం కాసేపు మరిచిపోగలడా?

రెండోదే నిజమని నమ్మడానికి పాత సాక్ష్యం ఒకటుంది. క్రీస్తుపూర్వం 480లో సలామిస్ దగ్గర ఏథెన్సు ఓడలతో కూడిన గ్రీకు నౌకాదళం పర్షియా నౌకాదళాన్ని చిత్తు చేసింది. ఎనిమిదేళ్ల తర్వాత, 472లో, ఈస్కిలస్ ఆ యుద్ధం మీద ‘పర్షియన్లు’ అనే నాటకం రాశాడు. గెలిచిన ఊళ్లో, గెలిచినవాళ్ల ముందు ఆడిన నాటకం. ఈస్కిలస్ స్వయంగా మారథాన్‌లో పర్షియన్లతో పోరాడినవాడు, అక్కడే తోడబుట్టినవాణ్ణి పోగొట్టుకున్నవాడు. అయినా నాటకంలో ఒక్క ఏథెన్సు వీరుడూ రంగం మీదికి రాడు. కథంతా శత్రువుల రాజధానిలో నడుస్తుంది. కొడుకు కోసం ఎదురుచూసే రాణి, ఓటమి కబురు మోసుకొచ్చే దూత, చచ్చిపోయిన సేనానుల పేర్లు ఒక్కొక్కటే చెప్పి ఏడ్చే ముసలివాళ్లు. తమ ఇళ్లను, గుళ్లను తగలబెట్టిన సైన్యం కోసం ఆ ఏడుపు. ఏథెన్సు జనం కూర్చుని చూశారు, ఆ ఏటి పోటీలో ఈస్కిలస్‌కే మొదటి బహుమతి దక్కింది. ఆ ప్రేక్షకుల్లో కొందరు లోలోపల గర్వపడి ఉంటారు, మన దెబ్బ ఎలా తగిలిందో చూడు అని. కొందరు నిజంగా జాలిపడి ఉంటారు. బహుశా ఒకే మనిషి రెండూ పడి ఉంటాడు.

మనకైతే అంత దూరం పోనక్కర్లేదు. తిక్కన గారి భారతంలో యుద్ధం ముగిశాక స్త్రీపర్వం వస్తుంది. గాంధారి కళ్లముందు కురుక్షేత్రమంతా పరుచుకుంటుంది, ఆమె తన కొడుకుల కోసమే కాదు, అభిమన్యుడి కోసం కూడా విలపిస్తుంది. తర్వాత ధర్మరాజు గంగ ఒడ్డున చనిపోయినవాళ్లకు తర్పణాలు విడుస్తాడు. కర్ణుడికి కూడా నీళ్లు వదలాలని కుంతి చెబుతుంది అక్కడే. తాము చంపిన శత్రువు తోడబుట్టినవాడని తెలిసేది గెలిచిన తర్వాత, నీళ్లలో నిలబడి ఉండగా. మన సినిమాలన్నీ ద్రోణపర్వం, కర్ణపర్వం దగ్గరే టైటిల్స్ వేసి లైట్లు వేసేస్తాయి. స్త్రీపర్వం ఎవరూ తీయరు. నిర్మాతను అని ఏం లాభం, దానికి టిక్కెట్లు కొనేది మనమేగా.

ఇంతవరకూ చెప్పింది తెర గురించి. హాలు గురించి చెప్పాల్సింది వేరే ఉంది, ఢిల్లీలో అది ఇంకా బరువైన విషయం.

1997 జూన్ 13, శుక్రవారం. జె.పి. దత్తా ‘బోర్డర్’ విడుదలైన రోజు. 1971 డిసెంబర్‌లో లోంగేవాలా దగ్గర కొద్దిమంది సైనికులు రాత్రంతా పాకిస్తాన్ ట్యాంకులను నిలవరించిన కథ. గ్రీన్ పార్క్‌లోని ‘ఉపహార్’ సినిమా హాల్లో మూడు గంటల ఆట నడుస్తుండగా కింద కార్ పార్కింగ్‌లో ట్రాన్స్‌ఫార్మర్ అంటుకుంది. పొగ పైకి, బాల్కనీలోకి ఎక్కింది. తెర మీద తుపాకులు మోగుతున్నాయి. దీపాలు పోయాయి. అదనపు డబ్బుల కోసం ఇరికించిన సీట్లు దారికి అడ్డం పడ్డాయి, గడియ వేసిన తలుపు తెరుచుకోలేదు. 59 మంది ఊపిరాడక చచ్చిపోయారు. అందులో యుద్ధ సినిమా చూడడానికి వచ్చిన ఒక నిజం సైనికుడు కూడా ఉన్నాడు, కెప్టెన్ మన్‌జిందర్ సింగ్ భిందర్. ఆయన భార్య, చిన్న కొడుకు కూడా పోయారు. ఇద్దరు పిల్లలను పోగొట్టుకున్న నీలం, శేఖర్ కృష్ణమూర్తి దంపతులు, వాళ్లతో చేరిన మిగతా కుటుంబాలు న్యాయం కోసం రెండు దశాబ్దాలకు పైగా కోర్టుల మెట్లెక్కారు. ఆ హాలు ఎదురుగా పార్కులో ‘స్మృతి ఉపవన్’ ఉంది. అదే జూన్‌లో, అదే దక్షిణ ఢిల్లీలో, సాకేత్‌లో దేశంలోకెల్లా మొదటి మల్టీప్లెక్స్ తెరుచుకుంది.

ఇది ఇక్కడ ఎందుకు చెబుతున్నానంటే, 2016 నవంబర్ 30న సుప్రీంకోర్టు జాతీయగీతం ఆదేశం ఇచ్చినప్పుడు, గీతం వేస్తున్నంతసేపూ హాలు తలుపులు మూసి ఉంచాలని కూడా చెప్పింది. పది రోజులు తిరక్కుండా, డిసెంబర్ 9న, సవరించుకోవలసి వచ్చింది. మూసి ఉంచడమంటే గడియలు వెయ్యమని కాదు, ఉపహార్ కేసులో చెప్పినటువంటి గడియలు మా ఉద్దేశం కాదు అని వివరణ ఇచ్చింది. దేశభక్తికి పెట్టిన నిబంధన పక్కన 59 శవాల గుర్తు వచ్చి నిలబడింది. మరో ఏడాదికి, 2018 జనవరి 9న, హాళ్లలో గీతం వెయ్యడం తప్పనిసరి కాదని అదే కోర్టు ఆదేశాన్ని సడలించింది. ఈ గీతం చుట్టూ ఎన్ని తగువులు! ఆదేశానికి ముందే, 2016 అక్టోబర్‌లో, పణజీలో చక్రాల కుర్చీలో తిరిగే ఒక రచయితను లేవలేదని వెనక నుంచి కొట్టారు. లేవలేని మనిషిని లేవలేదని కొట్టారు.

తలుపు మూసి నిలబెట్టిన ఏకాభిప్రాయం ఎవరికి గౌరవం? దీనికి జవాబు ముప్పై ఏళ్ల ముందే ఒక తెలుగు జడ్జి రాసిపెట్టారు. అనంతపురం జిల్లా గుత్తిలో పుట్టిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. కేరళలో ముగ్గురు పిల్లలు తమ మతవిశ్వాసం ప్రకారం జనగణమన పాడరు, కానీ బడిలో అందరితోపాటు లేచి నిలబడతారు. వాళ్లను బడి నుంచి పంపేశారు. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ పిల్లల పక్షాన తీర్పు చెప్పింది. పాడకపోవడం అవమానించడం కాదని తేల్చి, సహనం ఈ దేశపు సంప్రదాయం, ఈ రాజ్యాంగపు ఆచరణ, దాన్ని పలచన చేసుకోవద్దు అన్న అర్థంతో చిన్నపరెడ్డి గారు ముగించారు. మౌనంగా ఉన్న మనిషి లోపల ఏముందో మనకు తెలియదు, తెలుసుకునే హక్కు కూడా లేదు. నాకు ఆ తీర్పులో వినిపించేది ఇదే. చప్పట్లు కొట్టకుండా కళ్లజోడు తుడుచుకునే ముసలాయన ద్రోహి అయ్యుండవచ్చు, సైనికుడు అయ్యుండవచ్చు, కళ్లజోడు మసకబారిన మనిషి అయ్యుండవచ్చు.

హాల్లో పక్కవాణ్ణి కట్టడి చేయాలన్న కోరిక ఎటు పోతుందో 1930 డిసెంబర్‌లో బెర్లిన్ చూసింది. ‘ఆల్ క్వైట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్’ ఆడుతుంటే నాజీ నాయకుడు గోబెల్స్ మనుషులు హాల్లో దుర్వాసన బాంబులు వేశారు, ఎలుకలు వదిలారు. చావుకు భయపడే జర్మన్ కుర్రాళ్లను చూపించడం దేశానికి అవమానమట. వారం తిరక్కుండా ప్రభుత్వమే సినిమాను నిషేధించింది.

ఇక్కడ మా గుంపు వాళ్లకూ, అంటే పుస్తకాలు చదువుకుని యుద్ధ సినిమాల మీద ముఖం చిట్లించే నాలాంటివాళ్లకూ ఒక మాట చెప్పాలి. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది. జనం మిలటరీ మాధవరం అనే పిలుస్తారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషుల్ని పంపిన ఊరు, ఇప్పటికీ సైన్యంలోకి పిల్లల్ని పంపుతున్న ఊరు. అక్కడ ఒక తల్లి టీవీలో యుద్ధ సినిమా చూస్తూ మనవాళ్లు గెలిచినందుకు చేతులు చరిస్తే, అది ఉన్మాదమని నేను అనగలనా? కొడుకు బతికి రావాలని కోరుకోవడమది. మావాడు నోయిడాలో కొట్టిన చప్పట్లలో కూడా అలాంటిదేదో లేదని ఎలా చెప్పను? వాడి స్నేహితుడి అన్న కశ్మీర్‌లో ఉన్నాడని మరుసటి రోజు తెలిసింది. చప్పట్లు కొట్టనివాడి మౌనం లోపల ఏముందో మనకెంత తెలియదో, కొట్టినవాడి చప్పట్ల లోపల ఏముందో కూడా అంతే తెలియదు. కాకపోతే కొట్టినవాణ్ణి ఎవరూ లేచి నిలదీయరు. తేడా అంతా అక్కడుంది.

2024లో ఒక వార్త వచ్చింది. మన నౌకాదళం లోతు నీటి సహాయక నౌకతో వెతికి, విశాఖ తీరానికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే, సుమారు వంద మీటర్ల లోతులో ఘాజీ శకలాన్ని గుర్తించింది. గుర్తించి, ముట్టుకోకుండా వచ్చేసింది. లోపల ఉన్నవాళ్ల పట్ల గౌరవంతో అలా వదిలేయడం నావికుల ఆనవాయితీ అని చెప్పారు. మావయ్యకు ఫోన్ చేసి చెబితే, ‘మరేం చేస్తార్రా’ అన్నారు, ఇందులో వార్తేముంది అన్నట్టు.

‘ఘాజీ’ మంచి సినిమా. మళ్లీ వేస్తే మళ్లీ వెళతాను, ఒళ్లు పులకరిస్తే పులకరించనిస్తాను. కానీ ఆ రాత్రి గురించి మనం సగం సినిమాయే తీశాం. క్లింట్ ఈస్ట్‌వుడ్ ఇవో జిమా యుద్ధం మీద 2006లో రెండు సినిమాలు తీశాడు. ఒకటి అమెరికన్ల వైపు నుంచి, రెండోది జపనీయుల వైపు నుంచి, వాళ్ల భాషలోనే. అమెరికా ఏమీ చిన్నబోలేదు. కరాచీలో బయల్దేరి సిలోన్ చుట్టి వచ్చి, అక్కడ లేని విక్రాంత్ కోసం విశాఖ ముందు నీళ్లలో కాచుకు కూర్చున్న ఆ తొంభైమంది చివరి రోజులు ఏ థ్రిల్లర్‌కైనా సరిపోయే కథ. మన ఊరి సముద్రంలోనే ఉన్నారు కాబట్టి ఆ కథ చెప్పే బాధ్యత కూడా కొంత మనదే. తెలుగులో తీయగలవాళ్లున్నారు, పెట్టుబడి పెట్టగలవాళ్లున్నారు. తీయండి. నోయిడాలో మొదటి రోజు మొదటి ఆటకు రెండు టిక్కెట్లు నేను కొంటాను, ఒకటి మావయ్యకు.